ఓటి మద్దెల

ఎడమ కాలు విరగ్గొట్టుకుని నెలల తరబడి మంచాన పడి లేచిన మా ఆయన, చేతికర్ర మూలన పెట్టిన రోజు చేసిన మొదటి పని కారులో కూర్చోవడం. రెండో పని నన్ను కేకేయడం.

"ఏమే! ఇటు రా ఒకసారి! ఈ కారును ఎవడు ముట్టుకున్నాడు?"

నేను ముందుగదిలో మిషను మీద ఉన్నాను. బడిపిల్లల యూనిఫారాలు చుట్టూ కుప్పగా పడున్నాయి. సగం కుట్టిన చొక్కా చేతిని సూది కిందే వదిలేసి లేచాను. లేవకపోతే ఆ కేకలకు వీధి వీధంతా లేస్తుంది.

"ఎవడు ముట్టుకుంటాడండీ మీ కారును? దుమ్ము తుడుస్తానంటేనే గీతలు పడతాయని నా చేతిలో గుడ్డ లాక్కుంటారు. ఇంకెవడికుంది ఆ ధైర్యం?"

"క్లచ్చు బిగుసుకుపోయింది. తొక్కుతుంటే దిగడం లేదు."

"బిగుసుకున్నది క్లచ్చా, మీ కాలా?"

నా వంక ఉరిమి చూశాడు. "నా కాలికేమొచ్చింది? నడవడం లేదూ? ఇన్నాళ్ళు ఊరికే నిలబెట్టేసరికి లోపల తుప్పు పట్టి ఉంటుంది. అంతకు ముందు వెన్నలా ఉండేది."

వెన్నలా అట! ఆ మాటకు నాకు అప్పుడే ఒళ్ళు మండాల్సింది. మండలేదు. అప్పటికి నేనూ అదే నమ్ముతున్నాను.

మా ఆయన ఉద్యోగమంతా సిటీ బస్సు మీదే గడిచింది. పాతకాలం బస్సులవి. క్లచ్చు తొక్కాలంటే వీపు సీటుకు ఆనించి, స్టీరింగు బిగించి పట్టుకుని, సగం లేచి నిలబడాలి. సందు సందుకూ ఒక స్టాపు, ప్రతి స్టాపుకూ ఆ తొక్కుడు. దాంతో ఆయన ఎడమ పిక్క కుడి పిక్క కంటే లావెక్కింది. ఇంట్లో ప్యాంట్లు కుట్టేదాన్ని నేనే కాబట్టి నాకు తెలుసు, ఎడమ కాలికి ఎప్పుడూ కాస్త గుడ్డ ఎక్కువ వదిలేదాన్ని. తోటి డ్రైవర్లు ఆయన్ను "ఎడమకాలు" అనే పిలిచేవాళ్ళు. ఇంటికొచ్చి "ఎడమకాలు ఉన్నాడా వదినా?" అని అడిగేవాళ్ళు. ఆయనకు అదొక బిరుదు. వినగానే మీసం తడుముకునేవాడు.

అలాంటి మనిషి, రిటైరు కాబోయే ముందు ఒక గుడ్ల వ్యాపారి దగ్గర ఈ పాత కారు కొన్నాడు. వెనక సీటు పీకేసి గుడ్ల అట్టలూ, దాణా బస్తాలూ మోసిన కారది. అమ్మేటప్పుడు సీటు మళ్ళీ బిగించి ఇచ్చాడు గానీ, ఎండ ముదిరితే లోపల ఇప్పటికీ కోడిగుడ్డు కంపే. అయినా మా ఆయనకు అది బంగారం. ఆయిలు మార్చినా, ప్లగ్గు తుడిచినా, బ్రేకులు బిగించినా అంతా ఆయనే. ఇంకొకడి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. "బస్సులు తోలినవాణ్ణి, ఈ అగ్గిపెట్టె నాకొక లెక్కా?" అనేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా?

ఆ కారులోనే మా బుల్లికి డ్రైవింగు నేర్పాడు.

బుల్లి మా ఒక్కగానొక్క కూతురు. పేరుకే బుల్లి గానీ మనిషి పొడగరి. పెద్దాసుపత్రిలో నర్సు. మంచాన పడ్డ మగమనిషిని ఒక్కతే లేపి కూర్చోబెట్టగలదు. ఊళ్ళో ఒక సంస్థ ఉంది. కదల్లేని రోగుల ఇళ్ళకే నర్సుల్ని పంపి కట్లు మార్పిస్తారు, మందులిప్పిస్తారు. కారు వాళ్ళే ఇస్తారు, నడపడం మాత్రం వచ్చి ఉండాలి. బుల్లికి ఆ పని మీద ప్రాణం. "వార్డులో వరసగా అందర్నీ తరుముకుంటూ పోవడమే సరిపోతుందమ్మా. అక్కడైతే ఒక మనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి సంగతి పూర్తిగా చూడొచ్చు" అనేది. ఇంటర్వ్యూలో ఎంపికైంది కూడా. లైసెన్సు ఒక్కటే తరువాయి.

నేర్పడం మొదలుపెట్టిన కొత్తల్లోనే బుల్లి అంది, "నాన్నా, క్లచ్చు చాలా గట్టిగా ఉంది. కాలు వణుకుతోంది."

మా ఆయన నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడందట నీలాంటిదే ఒకత్తె."

ఇక ఇంట్లో అదే పాట. బండి ఆగిపోతే మద్దెల ఓడు. గేరు గరగరమంటే మద్దెల ఓడు. పిల్ల అన్నం దగ్గర కూర్చుని మోకాలు రుద్దుకుంటుంటే, "ఏమ్మా, మద్దెల ఇంకా ఓడేనా?" అని వెటకారం. "అది అన్నిసార్లు చెప్తోంది కదా, ఒకసారి చూడకూడదూ?" అని నేను అడిగాను. చూపించాడు. నన్ను తీసుకెళ్ళి కారు పక్కన నిలబెట్టి, సీట్లో కూర్చుని, చెప్పు విప్పేసి, ఒట్టి కాలివేళ్ళతో పెడల్ నేలదాకా నొక్కి చూపించాడు. "చూశావా? వేళ్ళతో! గట్టిదైతే వేళ్ళకు దిగుతుందా?" అన్నాడు. కళ్ళారా చూశాక ఇంకేం అంటాను? నోరు మూసుకున్నాను.

పరీక్ష రోజు ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించమన్నారట. అక్కడ క్లచ్చు నెమ్మదిగా వదలాలి. బుల్లి కాలు గజగజ వణికి ఒక్కసారిగా వదిలేసింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది. మరోసారి వెళ్తే మరోసారీ అంతే. పరీక్ష పెట్టే ఆఫీసరు ముందే మా ఆయన అన్నాడట, "దీని కాళ్ళల్లో సత్తువ లేదండీ. వాళ్ళమ్మ పోలిక."

ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. బుల్లి ఏడవలేదు, అలగలేదు. స్టీరింగు మాత్రం మళ్ళీ ముట్టలేదు. ఎవరైనా అడిగితే తనే నవ్వుతూ చెప్పేది, "నా కాళ్ళల్లో సత్తువ లేదండీ, డ్రైవింగు నా వల్ల కాదు" అని. తండ్రి అన్న మాటను తన మాట చేసేసుకుంది. ఏళ్ళు గడిచిపోయాయి. ఆసుపత్రి క్వార్టర్సులో ఒక గది తీసుకుంది. వార్డూ గదీ, గదీ వార్డూ, అంతే దాని లోకం.

ఇప్పుడు మా ఆయన క్లచ్చు క్లచ్చని గోల పెడుతున్న వారంలోనే బుల్లి ఫోను చేసింది. ఆ సంస్థ నడిపే పెద్ద సిస్టరు స్వయంగా వార్డుకు వచ్చిందట. ఒక చోటు ఖాళీ అయిందట. "నిన్ను నేను మరిచిపోలేదు. లైసెన్సు కోసం కొన్నాళ్ళు ఆగుతాం. ఆదివారంలోగా నీ మాట చెప్పు" అందట.

"మరి?" అన్నాను.

"మరేముందమ్మా? వద్దని చెప్పేస్తా. మళ్ళీ ఆ నవ్వులపాలు కావడం నా వల్ల కాదు."

"ఆదివారం దాకా ఉంది కదే, ఆలోచించు."

"ఆలోచిస్తే కొత్త కాళ్ళు మొలుస్తాయా ఏమిటి?" అని నవ్వింది. ఈ చోటూ పోతే ఇంక దానికి మూడోసారి పిలుపు రాదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ ఈయన గోల ఈయనది. కారు కింద దూరి తనే చూద్దామంటే మోకాలు వంగదు. చచ్చినట్టు వీధి చివర రేకుల షెడ్డులో ఉండే మెకానిక్‌ను పిలిచాడు. నలభై ఏళ్ళ మనిషి, మాటకారి. సీట్లో కూర్చుని పెడల్ మీద కాలు వేయగానే, "ఓరి నాయనో!" అన్నాడు.

"చూశావా? ఎలా బిగుసుకుందో!" మా ఆయనకు పెద్ద సంబరం, రోగం కాలిది కాదు కారుదని తేలినందుకు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది బాబాయ్ గారూ?"

"నేను మంచాన పడ్డాకే. దానికి ముందు ఏ ఇబ్బందీ లేదు."

మెకానిక్ టార్చి పట్టుకుని, తల కిందికీ కాళ్ళు బయటికీ పెట్టి పెడల్ పైభాగం చూశాడు. ఇరుసులో నాలుగు చుక్కలు నూనె పోశాడు. తొక్కి చూశాడు. అంతే గట్టిగా ఉంది. తర్వాత ముందు మూత తెరిచాడు. పెడల్ నుంచి గేరుబాక్సు దాకా ఒక తీగ వెళ్తుంది, దాన్ని కేబులంటారు. పెడల్ తొక్కితే ఆ తీగ కింద ఉన్న మీటను లాగుతుంది.

"ఇది ఎండిపోయినా, లోపల పోగులు తెగినా పెడల్ ఇలాగే బిగుస్తుంది. ముందు చౌకగా పోయే రోగాలు చూద్దాం, పొట్ట కోసేది చివర్లో" అని, మీట దగ్గర కేబులు కొస విప్పేశాడు. "పిన్నిగారూ, మీరొకసారి తొక్కండి."

నేను సీట్లో కూర్చుని తొక్కాను. ఏ బరువూ లేకుండా పెడల్ నేలకు పడిపోయింది.

"అయితే పెడలూ బాగానే ఉంది, కేబులూ బాగానే ఉంది" అన్నాడు.

"మా మిషనుకూ అంతే చేస్తాం నాయనా. తొక్కుడు బరువైతే ముందు బెల్టు తీసేసి తొక్కుతాం. అప్పుడు తేలికైతే రోగం కింద లేదు, పైన తలకాయలో ఉన్నట్టు."

"సరిగ్గా అదే పిన్నిగారూ. ఇక్కడ తలకాయ గేరుబాక్సులో ఉంది." మీటకు ఇనప గొట్టం తొడిగి, చేత్తో వెనక్కి లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ మీట కాస్తే కదిలింది. ఊపిరి వదిలి నిలబడ్డాడు. "ఇంత బరువు ఉండకూడదు. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు బాబాయ్ గారూ. విప్పాల్సిందే."

మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "తుప్పేమోనయ్యా" అన్నాడు. ఆయన గొంతులో మునుపటి సంబరం లేదు.

గురువారం సాయంత్రం షెడ్డు నుంచి కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. కారు ఇటుకల మీద ఎత్తి ఉంది. దాని కడుపులోంచి తీసినవన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. మెకానిక్ ఒక గుండ్రటి పళ్ళెం లాంటిది చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ డిస్కు అరిగి మేకులు బయటపడ్డాయి. అరిగేకొద్దీ పెడల్ బరువెక్కుతుంది, ఏ కారుకైనా ఉండేదే. అసలు సంగతి అది కాదు, ఇది చూడండి." ఇంకో బరువైన ఇనప బిళ్ళ తీసి, పక్కనే కొత్త డబ్బాలోంచి తీసిన బిళ్ళ పెట్టాడు. రెండింటికీ మధ్యలోకి వేళ్ళలా ఉక్కు రేకులు ఉన్నాయి. పాతదాని రేకులు కొత్తదాని కంటే బాగా మందం. అది నా బోటిదానికి కూడా తెలిసిపోతోంది.

"క్లచ్చు తొక్కడమంటే ఈ రేకుల్ని వంచడమే. ఈ పాతది ఈ కారుది కాదు. సరుకులు మోసే వ్యానుది. గేరుబాక్సు ఒకే రకం కాబట్టి ఇందులో కూర్చుంటుంది. బరువులేసి తిప్పేవాళ్ళు క్లచ్చు జారకూడదని ఇలా వేయిస్తుంటారు."

"గుడ్లవాడు!" అన్నాను.

"మేం కొన్నాక గేరుబాక్సు దించలేదే" అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

"అయితే కొన్ననాటి నుంచీ ఇదే ఉంది. బోల్టుల మీద మట్టి చూడండి, పొర మీద పొర. మీది బస్సు కాలు కాబట్టి తెలియలేదు బాబాయ్ గారూ. ఇప్పుడు కట్టు విప్పాక అందరి కాలూ అయింది, తెలిసొచ్చింది." నవ్వుతూ చేతులు తుడుచుకున్నాడు. పాపం, అతనికేం తెలుసు? "మామూలు మనిషైతే నాలుగు వీధులు తిరిగేసరికి కాలు పీకేస్తుంది. ఇక నేర్చుకునేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఈ బండి పరీక్షకు తీసుకెళ్తే ఆ ఆఫీసరే ఫెయిలవుతాడు."

మా ఆయన ఆ పాత బిళ్ళను చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతులకు మసి అంటుకుంటున్నా కింద పెట్టలేదు. ఆయన మొహం చూసి మెకానిక్ నవ్వు ఆపేశాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. పరాయి మనిషి ముందని కూడా చూడలేదు. "విన్నారా? మద్దెల నిజంగానే ఓడు!" అన్నాను.

"విన్నాను" అన్నాడు.

ఇంటికొస్తూనే నేను ఫోను అందుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు? అది అక్కడ వద్దని చెప్పేస్తానని కూర్చుంది!"

"నేను చెప్తాను. అన్నది నేను, చెప్పాల్సింది నేను. ఒట్టి మాటగా చెబితే దానికి నమ్మకం కుదరదే. ఓదార్చడానికి అంటున్నామనుకుంటుంది. బండి బాగయ్యాక తీసుకెళ్ళి, దాని కాలితోనే తొక్కిస్తాను. అప్పుడు నమ్ముతుంది. ఆదివారం దాకా ఉంది కదా."

"ఆలస్యం అమృతం విషమండీ."

"రేపు బండి వచ్చేస్తుంది. ఎల్లుండి పొద్దున్నే వెళ్దాం. ఈ ఒక్కటి నన్ను చెప్పనీయ్."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన "తప్పు నాది" అనగా నేను వినలేదు. అన్నం మాడినా తప్పు నా మీదే, వాన పడినా నా మీదే. అలాంటి మనిషి తనంతట తానుగా చెప్తానంటే కాదనడానికి నాకు మనసొప్పలేదు. చెప్పనీ, కూతురికి ఆ మాట తండ్రి నోటి నుంచే పోనీ అనుకున్నాను. అదే నా బుద్ధి తక్కువ.

శుక్రవారం మధ్యాహ్నానికే కారు వచ్చేసింది. "పదండి, ఇప్పుడే వెళ్దాం" అన్నాను. "ఒకసారి నడిపి చూడనీవే, మధ్యలో ఆగిపోతే?" అని తప్పించుకుని బయల్దేరాడు. చీకటి పడేదాకా వీధులన్నీ తిప్పుతూనే ఉన్నాడు. తిరిగొచ్చి స్నానాల గదిలో దూరాడు. నీళ్ళ చప్పుడు లేదు గానీ మాటలు వినిపిస్తున్నాయి. "బుల్లీ, అసలు సంగతేమిటంటే... కాదు. చూడమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టడం, ఆపడం. ఊరంతటినీ దబాయించిన నోరు అది. నవ్వొచ్చింది నాకు. జాలీ వేసింది. ఫోను మిషను బల్ల మీదే ఉంది. చెయ్యి వేశాను, తీసేశాను.

శనివారం పొద్దున్నే వెళ్ళాం. ఆసుపత్రి వెనకాల ఖాళీ స్థలం ఉంది. ఒక పక్క ఆక్సిజన్ సిలిండర్లు, ఒక పక్క తాళ్ళ మీద ఆరేసిన దుప్పట్లు. డ్యూటీకి ఇంకా కాస్త టైముంది, బుల్లి తెల్ల యూనిఫారంలో దిగి వచ్చింది. మమ్మల్ని అంత పొద్దున్నే చూసి కంగారు పడింది.

"ఏమైంది? నాన్న కాలు మళ్ళీ...?"

"కాలికేం కాలేదమ్మా" అంటూ ఆయన కుంటుకుంటూ దిగి, డ్రైవరు సీటు చూపించాడు. "ఇందులో కూర్చో ఒకసారి."

బుల్లి మొహం మారిపోయింది. "ఎందుకు నాన్నా ఇప్పుడివన్నీ?"

"ఒక్కసారి తొక్కమ్మా. క్లచ్చు. ఒకే ఒక్కసారి."

నా వంక చూసింది. నేను తలూపాను. కూర్చుంది. పాత అలవాటు కొద్దీ వీపు సీటుకు బిగించి, పెదవి కొరుక్కుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. పెడల్ ధన్‌మని నేలకు తగిలింది. పిల్ల ఉలిక్కిపడింది. కాలు తీసి, మళ్ళీ తొక్కింది, ఈసారి మెల్లగా. మళ్ళీ తొక్కింది. తల వంచి పెడల్‌ను చూసింది.

"ఏం చేశారు దీనికి?"

స్నానాల గదిలో కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో గానీ, మా ఆయన నోట ఒక్కటీ సరిగ్గా రాలేదు. "అది వ్యానుదమ్మా. క్లచ్చు. కారుది కాదు. ఆ గుడ్లవాడు వేయించాడు. మనం కొన్న నాటి నుంచీ అదే ఉంది. నాకు తెలియలేదు... బస్సు తొక్కిన కాలు కదా, తెలియలేదు. నీ కాళ్ళకేం తక్కువ లేదమ్మా. ఎప్పుడూ లేదు. తప్పంతా నాది."

దుప్పట్లు గాలికి టపటప కొట్టుకుంటున్నాయి. బుల్లి పెడల్ మీంచి కాలు తీసింది.

"గట్టిగా ఉందని నేను చెప్పాను నాన్నా."

"చెప్పావు."

"నువ్వేమన్నావు?"

ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎలాగో అన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాను."

బుల్లి తలూపింది. కోపంగా ఏమీ లేదు. కోపంగా ఉన్నా బాగుండేది, నేను తట్టుకునేదాన్ని.

"నువ్వు నమ్మలేదని కాదు నాన్నా నా బాధ. వార్డులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొట్టమొదట ఏం నేర్పుతానో తెలుసా? రోగి నొప్పి అంటే నొప్పే. మన కంటికి కనబడకపోయినా నొప్పే, వాదించకూడదు అని. ఇంతమందికి నేర్పాను. నా కాలు నాకే చెబితే మాత్రం నేను వినలేదు. నువ్వు చెప్పిందే నిజమనుకున్నాను. ఇన్నేళ్ళూ నన్ను నేనే సత్తువ లేనిదాన్నని చెప్పుకు తిరిగాను."

నేనింక ఆగలేకపోయాను. "సరేనే తల్లీ, అయిందేదో అయింది. పోయినవాటిని తవ్వుకుంటే ఏమొస్తుంది? రేపటిదాకా టైముంది కదా. ఇప్పుడే వెళ్ళి పెద్ద సిస్టరుకు సరేనని చెప్పేయ్. కారు ఇక్కడే ఉంచుతాం, నాన్న రోజూ వచ్చి నేర్పుతాడు. నోరెత్తడు, నాదీ పూచీ."

బుల్లి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"నిన్ననే చెప్పేశానమ్మా."

"ఏమని?"

"నేను రానని. నా కింద పనిచేసే అమ్మాయి ఒకతె ఉంది, తండ్రి లేడు, తమ్ముళ్ళను అదే చదివిస్తోంది. దానికి డ్రైవింగు వచ్చు. నేనే వెంటబెట్టుకుని వెళ్ళి పెద్ద సిస్టరుకు చూపించాను. అక్కడికక్కడే తీసేసుకుంది."

"నిన్న ఎప్పుడు?"

"సాయంత్రం, డ్యూటీ దిగాక."

నిన్న సాయంత్రం! కారు ఇంటి ముందుకు వచ్చేసింది. ఈయన మాటలు వెతుక్కుంటూ వీధులు తిరుగుతున్నాడు. నేను ఫోను పక్కన పెట్టుకుని కాలర్లు కుడుతున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. క్లచ్చు వ్యానుదే బుల్లీ అని ఒక్క ముక్క. నమ్మినా నమ్మకపోయినా కనీసం ఆగేది.

"నేను వెళ్తాను" అన్నాడు మా ఆయన. "ఆ పెద్ద సిస్టరు దగ్గరికి నేను వెళ్తాను. తప్పు నాదని చెప్తాను, కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు నాన్నా. నిన్న ఆ పిల్ల నా చేతులు పట్టుకుని ఏడ్చింది. దాని నోటికాడ కూడు లాగమంటావా?"

అలా లాగే పిల్లయితే అది నా కూతురే కాదు.

బుల్లి ఏమనుకుందో ఏమో, తాళం తిప్పింది. "ఎక్కండి" అంది. ఆయన పక్క సీట్లో, నేను వెనక కూర్చున్నాం. ఆ ఖాళీ స్థలంలో ఒక చుట్టు తిప్పింది. మొదటి గేరు వేసి వదిలినప్పుడు బండి కదిలినట్టే తెలియలేదు. రెండో గేరు వేసింది, గరగర లేదు, కుదుపు లేదు. సిలిండర్ల పక్క నుంచి, దుప్పట్ల పక్క నుంచి, నీళ్ళ మీద పడవలా తీసుకొచ్చి ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఆపింది. ఎవరూ ఏమీ నేర్పలేదు, ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ దానికి ఎప్పుడో వచ్చు.

"బాగుంది" అంది దిగుతూ. పై కిటికీలోంచి ఎవరో "సిస్టర్!" అని పిలిచారు. "వస్తున్నా" అని కేకేసి, తండ్రి వైపు తిరిగింది. "కాలు ఇంకా పూర్తిగా అతకలేదు నాన్నా. ఎక్కువసేపు నడపకు. నొప్పెడితే ఆపేయ్" అని చెప్పి, వేగంగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో ఆయనే నడిపాడు. దారంతా సిగ్నళ్ళే. ఆగిన ప్రతిసారీ ఆయన క్లచ్చు తొక్కడం, అది చప్పుడు లేకుండా దిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"తేలిగ్గా ఉందా?" అన్నాను.

"తేలిగ్గానే ఉంది" అన్నాడు. కాస్త దూరం పోయాక బండి పక్కకు తీసి ఆపేశాడు. మోకాలు నొప్పేమో అనుకున్నాను. రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం. ఓదార్చాలనిపించలేదు నాకు. చెయ్యి మాత్రం దానంతటదే వెళ్ళి ఆయన వీపు మీద పడింది.

"పిల్ల ఎంత చక్కగా నడిపిందో చూశారా?" అన్నాను.

"చూశాను" అన్నాడు. "చూడకుండా ఉన్నా బాగుండేదే."